తేనీటి ఓనమాలు

మన వార్షిక సంచికకు రెండు ముఖద్వారాలున్నవి. కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ విభాగం, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు విభాగం. ఉర్దూ పుటలలో ‘చాయ్’ అని వ్రాసేదానినే తెలుగు పుటలలో మనం ‘టీ’ అనీ, కొంత గంభీరంగా వ్రాయవలసి వచ్చినప్పుడు ‘తేనీరు’ అనీ వ్రాస్తున్నాము. ఈ రెండు మాటలకూ పుట్టిల్లు చైనాయే. ఆ దేశంలో అధికభాగం ప్రజలు ఈ ఆకును ‘చా’ అన్నారు. ఆ మాట మెట్టదారిన బయలుదేరి, పారశీకంలో ‘చాయ్’గా మారి, ఉర్దూలోనికి వచ్చినది. అదే దేశపు ఆగ్నేయ తీరంలోని అమోయ్ రేవు ప్రాంతంవారు దానినే ‘తే’ అన్నారు. ఆ మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు చేరి, అక్కడి నుండి మనదాకా వచ్చినది. ఒకటి కొండలు, ఎడారులు దాటి వచ్చిన మాట. ఇంకొకటి సముద్రాలు దాటి వచ్చిన మాట. రెండూ దర్శి సెంటరులోని టీ కొట్టు బల్ల మీద ఒకే గ్లాసులో కలుసుకొంటున్నవి.

ఆ గ్లాసు చుట్టూ కూర్చుని మేము మాట్లాడుకోని విషయం లేదు. పరీక్షలు, ఉద్యోగాలు, వానలు, ఎన్నికలు అన్నీ మాట్లాడుకొంటాము. ఒకనాడు మాలో ఒకరు ఒక చిన్న ప్రశ్న వేశారు. “ఇంతకూ ఈ టీ ఆకు చెట్టుకు కాస్తుందా, తీగకు కాస్తుందా, మొక్కకు కాస్తుందా?” ఉన్నవారం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందిలో ఒక్కరికీ నిశ్చయంగా తెలియదు. దుకాణదారుని అడిగితే, “మాకు ప్యాకెట్టుకు కాస్తుంది బాబూ” అన్నాడు. అందరం నవ్వుకొన్నాము. కాని ఇంటికి వెళ్ళిన తరువాత ఆ నవ్వు మాకు అంత హాయిగా అనిపించలేదు. రోజుకు మూడుమార్లు పుచ్చుకొనే వస్తువు గురించి ఏమీ తెలియకుండానే మేము పట్టభద్రులం కాబోతున్నాము. ఈ వ్యాసానికి మూలం ఆ సంకోచమే.

దర్శి కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికీ తేయాకు పెంపకం, తయారీలకు సంబంధించిన ఓనమాలు తెలిసి ఉండాలని మా అభిప్రాయం. వినగానే ఇది వింతగా తోచవచ్చును. “దర్శిలో టీ తోట వేస్తారా ఏమి?” అని పెద్దలు అడుగుతారు. వేయము, వేయలేము కూడ. ఎందుకు వేయలేమో తెలిసికొనడమే మొదటి పాఠం.

తేయాకు పొద కెమీలియా సైనెన్సిస్ అనే సతతహరిత వృక్షజాతికి చెందినది. దానిని దాని మానాన వదిలివేస్తే చెట్టుగా ఎదుగుతుంది. కూలీ చేతికి అందే ఎత్తున, నడుము దగ్గర బల్లపరుపుగా ఉండేటట్లు కత్తిరిస్తూ మనిషే దానిని పొదగా చేశాడు. కావున మా ప్రశ్నకు జవాబు: పుట్టుకచేత చెట్టు, పెంపకంచేత పొద. ఈ మొక్కకు పులుపు నేల కావాలి, మట్టి పి.హెచ్. నాలుగున్నర నుండి అయిదున్నర మధ్య ఉంటే దానికి ఇష్టం. ఏడాదికి కనీసం 1200 మిల్లీమీటర్ల వాన, అదీ నెలనెలా పంచుకొని కురవాలి. వేరు దగ్గర నీరు నిలువరాదు; అందుచేతనే కొండవాలు దానికి అనుకూలం. మండుటెండ పనికిరాదు, దక్షిణాదిని సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లు వేసి కాపాడతారు. మన పశ్చిమ ప్రకాశంలో వాన ఏడాదికి 900 మిల్లీమీటర్లకు లోపే. సంక్రాంతి దాటితే మళ్ళీ జూను దాకా మేఘం కోసం ఎదురుచూపులే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన నేలలు పులుపు నేలలు కావు. సాగర్ కుడికాలువ నీరు వచ్చిన చోట వరి పండుతున్నది. రాని చోట కంది, మిరప, పొగాకు. ఈ నేల తేయాకుకు తగదు. మనకు లేనిదేదో తెలిసినప్పుడే ఉన్నదాని విలువ తెలుస్తుంది.

రెండవ పాఠం తయారీ. ఇక్కడ మన రైతుబిడ్డలు ఎవరికీ తీసిపోరు. ఎందుకంటే పొగాకు బ్యారన్ చూడనివారు మనలో అరుదు. పచ్చని ఆకును కర్రలకు అల్లి, బ్యారన్‌లో వ్రేలాడదీసి, మొదట తక్కువ వేడి మీద పసుపు రంగు తెప్పించి, ఆ రంగు నిలిచేటట్లు క్రమంగా వేడి పెంచి, చివరకు ఈనెను ఎండబెట్టడం మనం ఎరిగిన పనే. ఆకు ఎండడం వేరు, పదునుకు రావడం వేరు అని మన తాతలకు తెలుసు. తేయాకులో జరిగేదీ అటువంటిదే.

కొమ్మ చివరనున్న రెండు లేత ఆకులను, ఒక మొగ్గను గిల్లి తెస్తారు. ఏపుగా పెరిగే కాలంలో ఏడు నుండి పది రోజులకొకసారి అదే పొద దగ్గరకు మళ్ళీ రావలసిందే. ఆలస్యమైతే ఆకు ముదురుతుంది. తెచ్చిన ఆకును గాలి తగిలే తొట్లలో పరచి 12 నుండి 18 గంటలు వాడబెడతారు. వాడిన ఆకును యంత్రంలో నలుపుతారు. పూర్వం మరలో మెలిపెట్టేవారు. 1930 ప్రాంతంలో అస్సాంలో సి.టి.సి. అనే పద్ధతి వచ్చినది. పళ్ళున్న రెండు రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చుట్టడం దాని పని. మన టీ కొట్లలో మరిగే పొడి గింజలు ఆ యంత్రం నుండి వచ్చినవే. నలిగిన ఆకులోని రసం గాలిని తాకగానే దానిలోని ఎంజైములు పని మొదలుపెడతాయి. పచ్చదనం పోయి రాగి రంగు, పరిమళం, వగరు వస్తాయి. దీనిని వ్యాపారులు పులియబెట్టడమని అంటారు గాని అది పొరపాటు మాట. దోసెపిండిలో వలె ఇక్కడ సూక్ష్మజీవుల పని లేదు. కోసిన జామకాయ నల్లబడటం వంటి ఆక్సీకరణ మాత్రమే. గంట, గంటన్నర తరువాత వేడిగాలి తగిలించి ఆ చర్యను ఆపివేస్తారు. తేమ నూటికి మూడు పాళ్ళకు దిగేవరకు ఎండబెట్టి, జల్లించి, ఆకు, నూక, దుమ్ము అని తరగతులు చేస్తారు. ఆకును కోయగానే ఆవిరి పట్టి లేదా వేయించి ఎంజైములను చంపివేస్తే అదే పచ్చ టీ. నల్ల టీకి ఒక చెట్టు, పచ్చ టీకి ఇంకొక చెట్టు లేదు. తేడా అంతా మనిషి చేతిలో ఉన్నది. సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కలిస్తే ఒక కిలో టీ పొడి అవుతుంది.

ఇవి తెలిసినంత మాత్రాన ఒరిగేదేమిటి? ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు ఆ తరువాత 1972లో ప్రకాశం పేరు వచ్చినది. 1937లో వైద్య పరిశోధకులు మద్రాసు రాజధానిలో ఒక వింత వ్యాధిని గుర్తించి లోకానికి తెలియజేశారు. పళ్ళు గారపట్టి, నడుము వంగి, కీళ్ళు బిగిసిపోయే ఆ వ్యాధికి కారణం త్రాగునీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ మొట్టమొదట నమోదైనది నాటి నెల్లూరు జిల్లాలోనే. వైద్యశాస్త్ర గ్రంథాలలో మన ప్రాంతానికి దక్కిన కీర్తి ఇది! ఎనభై ఏండ్లు దాటినా పశ్చిమ ప్రకాశపు పల్లెలకు ఆ బాధ పూర్తిగా తీరలేదు. మన తరగతిలోనే నవ్వడానికి సంకోచించి పెదవులు బిగించుకొనే స్నేహితులున్నారు. కారణం అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

తేయాకుకు ఒక స్వభావమున్నది. అది నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకులో దాచుకొంటుంది. మొగ్గలో తక్కువ, ముదురు ఆకులో చాలా ఎక్కువ. కావున చవుకరకం పొడిలో ముదురు ఆకు పాలు హెచ్చితే ఫ్లోరైడ్ కూడ హెచ్చుతుంది. త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మంచి నీటితో కాచినా టీ కషాయంలో అంత ఫ్లోరైడ్ చేరడం వింత కాదు. ఇక నీటిలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊరిలో దుమ్ము టీని గంటల తరబడి మరిగిస్తే ఏమగును? మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరై పోయినకొద్దీ అది చిక్కబడుతుంది. సముద్రతీరపు కాలేజీ విద్యార్థికి ఈ పాఠం సరదా విజ్ఞానం కావచ్చును. దర్శి విద్యార్థికి ఇది ఇంటి సంగతి.

ఇంకొకటి. తేయాకులోని వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుము రక్తంలోనికి చేరకుండ అడ్డుపడతాయి. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు పుచ్చుకోరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో హెచ్చరించినది. మన అక్కచెల్లెళ్ళలో ఉదయం టిఫిను మాని, ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లతో బస్సెక్కి కళాశాలకు వచ్చేవారున్నారు. మూడవ పీరియడులో కళ్ళు తిరిగితే ఎండ దెబ్బ అని సరిపెట్టుకొంటారు. కొంత దోషం ఆ గ్లాసుది కూడ కావచ్చునని వారికి చెప్పవలసినవారు ఎవరు?

టీని నిందించడం మా ఉద్దేశం కాదు. దాని విషయంలో పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేదు. 1942 ఆగస్టులో నాయకులందరినీ నిర్బంధించినప్పుడు పూనాలోని ఆగాఖాన్ భవనంలో గాంధీజీ ఆరోగ్యసూత్రాలు వ్రాస్తూ టీ అలవాటు మంచిది కాదన్నారు. ఆ రోజులలోనే అహమ్మదునగరు కోటలో బందీగా ఉన్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ తెల్లవారక ముందే లేచి స్వయంగా చైనా టీ కాచుకొని, ఆ ఆనందాన్ని ఉత్తరాలలో వర్ణించుకొన్నారు. ‘గుబార్-ఎ-ఖాతిర్’ అనే పేర 1946లో వెలువడిన ఆ ఉత్తరాలు ఉర్దూ గద్యానికి అలంకారాలు. పాలు కలపడం టీకి అపచారమని మౌలానా అభిప్రాయం. ఇద్దరిలో ఎవరు సరియో మేము తీర్పు చెప్పజాలము. కాని ఇద్దరూ తాము మాట్లాడే వస్తువును ఎరిగి మాట్లాడారు. తరువాత దేశానికి తొలి విద్యామంత్రి అయిన మౌలానాకు టీ రంగు, వాసన, పుట్టుక అన్నీ చదువులో భాగములే. మనకు మాత్రం చదువు వేరు, టీ కొట్టు వేరు.

మూడవ పాఠం చరిత్ర. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడిన తరువాత అడవులు నరికి తోటలు వేశారు. తోటలకు కూలీలు కావలసి వచ్చి ఛోటానాగపూరు, ఒరిస్సాలతో పాటు మన గంజాం, విశాఖ మండలాల నుండి కూడ బీదలను ఒప్పందాల మీద తరలించారు. కరవే వారిని ఓడ ఎక్కించినది. వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో వారికి తెలియదు. తోట విడిచిపోయిన కూలీని వారంటు లేకుండగనే పట్టుకొనే అధికారాన్ని 1865 నాటి చట్టం యజమానులకిచ్చినది. 1908 దాకా ఆ అధికారం పోలేదు. 1921లో చర్గోలా లోయ నుండి వేలాది కూలీలు ఇండ్లకు పోతామని నడిచి బయలుదేరితే చాంద్‌పూరు దగ్గర వారిపై దౌర్జన్యం జరిగినది. అక్కడే నిలిచిపోయినవారి మనుమలు, మునిమనుమలు తెలుగు మూలాలు కలవారుగా నేటికీ అస్సాంలో ఉన్నారు. వాన తప్పిన ఏట మూటాముల్లె సర్దుకొని హైదరాబాదుకు, బెంగుళూరుకు, గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబాలు మన మండలాలలో ఎన్ని లేవు? చదువు రాని వేలిముద్ర ఎంత దూరం తీసికొనిపోగలదో చెప్పడానికి టీ కప్పు కంటె దగ్గరి సాక్ష్యం మనకు దొరకదు.

నాలుగవది అర్థశాస్త్రం. 2023లో మన దేశం సుమారు 139 కోట్ల కిలోల టీ తయారు చేసినది. నేడు అందులో ఇంచుమించు సగం చిన్నరైతుల పొలాల నుండి వచ్చే ఆకు. కాని వారికి యంత్రాలు లేవు. కోసిన ఆకు సాయంత్రానికి ఫ్యాక్టరీ చేరకపోతే పాడగును. అందుచేత వెల నిర్ణయించేది అమ్మేవాడు కాదు, కొనేవాడు. ఇది మనకు కొత్త కథ కాదు. కందులు అమ్మి కందిపప్పు కొనుక్కొనే రైతులం మనం. మన మిరప గుంటూరు పోయి ఎక్కడెక్కడో కారమై పొట్లాలలో తిరిగి వస్తున్నది. పొగాకును రైతు తానే క్యూరింగు చేసి, తరగతులు కట్టి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు తీసికొనిపోతాడు గనుక కొంత బేరమాడగలుగుతున్నాడు. ఆ పంట ఆరోగ్యానికి చేసే చేటు వేరే సంగతి. పదును పెట్టే విద్య రైతు చేతిలో ఉంటే కలిగే బలం మాత్రం దానిలో కనబడుతున్నది. అరకు గిరిజన రైతుల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు రావడానికి పండు కోయడంలో, కడగడంలో, ఆరబెట్టడంలో నేర్చుకొన్న శ్రద్ధ కూడ కారణమే. పంట నేల ఇస్తుంది; విలువ విద్య ఇస్తుంది.

కళాశాల పాలకవర్గం పెద్దలకు ఈ సందర్భంలో మా మనవి నాలుగు మాటలలో చెప్పుకొంటాము.

మొదటిది, రసాయనశాస్త్ర ప్రయోగశాలకు ఫ్లోరైడ్ పరీక్షించే సామగ్రి సమకూర్చాలి. ప్రతి విద్యార్థి తన ఊరి బోరు నీరు ఒక సీసాలో తేవాలి. ఆ ఫలితాలను ఒక పటం మీద గుర్తించి నోటీసుబోర్డులో పెట్టాలి. రెండవది, వృక్షశాస్త్ర విభాగంలో ఒక బల్ల మీద ఆకు టీ, సి.టి.సి. గింజ, దుమ్ము, పచ్చ టీ నమూనాలుంచాలి. తడిపిన వడపోత కాగితం మీద పొడి చల్లి రంగు దిగుతుందేమో చూడటం, అయస్కాంతంతో ఇనుప రజను పట్టడం వంటి కల్తీ పరీక్షలు కళా విభాగపు విద్యార్థులు కూడ చేసి చూడాలి. మూడవది, ఏటా జరిపే విహారయాత్రను ఒకసారి నీలగిరులకు గాని, అరకుకు గాని పెట్టి, ఫోటోలతో పాటు ఒక ఫ్యాక్టరీని చూచి వ్రాసిన నివేదికను కూడ తేవాలి. నాలుగవది, ఫ్లోరైడ్ గురించి, టీ అలవాటు గురించి ఉర్దూలోను, తెలుగులోను ఒక చిన్న కరపత్రం మన విద్యార్థులే వ్రాసి పల్లెలకు పంచాలి. ఒక ఇంటిలో అవ్వకు ఉర్దూ చదివి వినిపిస్తే, పొరుగింటి అత్తమ్మకు తెలుగు చదివి వినిపించాలి.

ఇందులో పెద్ద ఖర్చు ఏదీ లేదు. “సిలబసులో లేదు గదా” అనేవారికి మా సమాధానం ఒక్కటే. మన వెన్నెముకలు కూడ సిలబసులో లేవు.

టీ కొట్టువారికి మా వలన నష్టం కలగదని హామీ ఇస్తున్నాము. సాయంత్రం బస్సు వచ్చేవరకు మా కొలువు అక్కడే. కాచేటప్పుడు కాలువ నీరో, శుద్ధి చేసిన నీరో వాడమని, పాత పొడి మీదనే గంటల తరబడి మరిగించవద్దని మాత్రం వారిని కోరుతాము. ఈ మాట చెప్పడానికి మొన్న వెళ్ళినప్పుడు దుకాణదారుడు శ్రద్ధగా విని, “అయితే ఆ ఆకు చెట్టుకే కాస్తుందన్నమాట” అన్నాడు. ఆ తరువాత, “మా వాడికి పళ్ళు గారపట్టినాయి బాబూ, నీళ్ళు పరీక్ష చేయిస్తారా?” అని అడిగాడు.

మా దగ్గర పరీక్షించే సామగ్రి లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేక టీ త్రాగి వచ్చాము. వచ్చే సంచిక వెలువడేనాటికి ఆయనకు జవాబు చెప్పగలిగే స్థితిలో మా కళాశాల ఉండాలని ఆశిస్తున్నాము. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన ప్రాంతం మనది. ఈ ఓనమాలు కూడ దిద్దలేకపోము.